జోన్స్–కోర్మియర్ 2017: ఆ నాకౌట్ లెక్కలోకి వస్తుందా, రాదా?

ఆదివారం_పొద్దున్నే:
మొన్న ఇంకో గ్రూపులో కేజ్ ఫైటర్ జోన్ జోన్స్ ఆల్‌టైమ్ నంబర్ వన్నా కాదా అని కొట్టుకుంటుంటే ఒకాయన అతని రికార్డు తెచ్చి పెట్టాడు. అందులో 2017 జులై 29, అనాహైమ్, యూఎఫ్‌సీ 214, డేనియల్ కోర్మియర్ ఎదురుగా 'నో కాంటెస్ట్' అని ఉంది, అంటే ఎవరూ గెలవనట్టే లెక్క. (యూఎఫ్‌సీ అంటే ఈ ఫైట్లు పెట్టే అమెరికా కంపెనీ.) దాని కింద అభిమానుల కామెంట్లు: కాగితం మీద ఏముంటే మాకేంటి, మూడో రౌండ్లో తల మీద తన్ని పడేశాడు, కళ్ళారా చూశాం, గెలుపు గెలుపే.

ఆ గొడవ తెలియనివాళ్ళకి రెండు ముక్కల్లో. ఫైట్‌కి ముందు రోజు, బరువు చూసిన రోజున తీసుకున్న శాంపిల్‌లో టురినాబోల్ అనే స్టెరాయిడ్ ఆనవాలు దొరికింది. ఆ సంగతి బయటికొచ్చింది ఆగస్టు 22న. ఫైట్లకి లైసెన్సులిచ్చే కాలిఫోర్నియా కమిషన్ ఫలితాన్ని రద్దు చేసింది, తర్వాతి ఫిబ్రవరిలో 2,05,000 డాలర్ల జరిమానా వేసి లైసెన్సు పీకేసింది. బెల్టు మళ్ళీ కోర్మియర్‌కి వెళ్ళింది. 2018 సెప్టెంబర్‌లో ఆర్బిట్రేటర్ రిచర్డ్ మెక్‌లారెన్ 15 నెలల సస్పెన్షన్‌తో సరిపెట్టాడు. అది వెనకటి తేదీ నుంచి లెక్క కాబట్టి ఆ అక్టోబర్‌కే అయిపోయింది.

నా లెక్కలో ఆ గెలుపు లేదు. మీరేమంటారు?

నల్లగొండ_నాగు:
కాలు తగిలింది కోర్మియర్ తలకి, కాగితానికి కాదు. గెలిచాడు. అయిపోయింది.

పీక్_నంబర్_7:
నేను పాశమైలారం వైపు ఓ ఫార్మా కంపెనీలో క్యూసీలో, అంటే మందుల నాణ్యత పరీక్షించే చోట చేస్తాను. రోజూ ఎల్‌సీ-ఎంఎస్ (శాంపిల్‌లో ఏముందో పట్టే మెషీన్) ముందే కూర్చుంటాను కాబట్టి అంకెల గురించి మాట్లాడే హక్కు కాస్త ఉందనుకుంటున్నా.

జోన్స్ శాంపిల్‌లో దొరికింది టురినాబోల్ కాదు. ఒంట్లో అది విరిగిపోయాక చాలాకాలం మిగిలిపోయే ఒక మెటబొలైట్, ఎం3 అంటారు. అసలు మందు లేదు. త్వరగా బయటికిపోయే మిగతా మెటబొలైట్లూ లేవు. ఉన్నది పికోగ్రాముల్లో. పికోగ్రాము అంటే గ్రాములో లక్ష కోట్లో వంతు. 2018 డిసెంబర్ 9న మళ్ళీ తీసిన శాంపిల్‌లో కూడా మిల్లీలీటరుకి 60 పికోగ్రాములే.

ఇంకో సంగతి. 2017 జులై 6న, 7న తీసిన శాంపిళ్ళు రెండూ క్లీన్. 28న పాజిటివ్. మధ్యలో మూడు వారాలు. ఆ మూడు వారాల్లో మాత్రలు మింగితే తాజా మెటబొలైట్లు కచ్చితంగా కనబడాలి కదా? సాల్ట్ లేక్ సిటీ డోపింగ్ ల్యాబ్ డైరెక్టర్ డేనియల్ ఐక్నర్ చెప్పిందీ అదే. అతను కావాలని వాడలేదనీ, దానివల్ల ఫైట్‌లో అతనికి ఒరిగిందేమీ లేదనీ మెక్‌లారెన్ కూడా తేల్చాడు. ఆ మాత్రం ఎం3తో ఎవడి కాలికీ బలం రాదు. కాబట్టి గెలుపు గెలుపే.

కుస్తీపట్టు:
పీక్ గారూ, మీ అంకెలన్నీ ఒప్పుకుంటా. ఒకటే అడుగుతా. అది ఒంట్లోకి ఎలా వచ్చింది?

జోన్స్ చెప్పలేకపోయాడు. వాడిన సప్లిమెంట్లన్నీ పరీక్షకిచ్చాడు, ఒక్కదాంట్లోనూ దొరకలేదు. అంటే కల్తీ అనేది ఊహ. రూల్ ఏమంటుంది? నీ ఒంట్లో ఏముందో దానికి నువ్వే బాధ్యుడివి. ఎలా వచ్చిందో చెబితే శిక్ష తగ్గిస్తారు, చెప్పలేకపోతే తగ్గించరు.

పైగా ఇది రెండోసారి. 2016లో యూఎఫ్‌సీ 200కి మూడు రోజుల ముందు ఇదే కోర్మియర్‌తో మెయిన్ ఈవెంట్ నుంచి తీసేశారు. అప్పుడు దొరికినవి క్లోమిఫిన్, లెట్రోజోల్ అనే నిషేధిత మందులు. జిమ్‌లో తోటివాడు ఇచ్చిన మాత్ర మింగాను, అందులో కలిశాయి అన్నాడు. ఆ మాత్రలో అవి ఉన్నట్టు తేలింది కూడా. అయినా ఏడాది పడింది. మొదటిసారి ఆధారం చూపిస్తే 12 నెలలు, రెండోసారి ఆధారం లేకపోతే 15 నెలలు. ఈ లెక్క మీ మెషీన్ ఏమైనా విప్పి చెబుతుందా?

డల్లాస్_వేణు:
60 పికోగ్రాములు అనగానే నాకు వేగాస్ గుర్తొచ్చింది. యూఎఫ్‌సీ 232కి మా గ్యాంగ్ అంతా టికెట్లు, రూములు తీసుకున్నాం. జోన్స్ శాంపిల్ గొడవతో ఆరు రోజుల ముందు ఈవెంట్ మొత్తాన్నీ లాస్ ఏంజలెస్ పక్కన ఇంగిల్‌వుడ్‌కి మార్చేశారు. టికెట్ డబ్బులు వచ్చాయి గానీ హోటలోడు ఒక్క డాలర్ తిరిగివ్వలేదు. క్రిస్మస్ సీజన్ రేట్లు బాబూ.

పీక్_నంబర్_7:
@కుస్తీపట్టు ఎలా వచ్చిందో చెప్పలేకపోవడం నేరమా? ఎం3 నెలల తరబడి, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ కాలం ఒంట్లో దాక్కుని, ఒక శాంపిల్‌లో కనబడి, ఇంకోదాంట్లో మాయమై, మళ్ళీ కనబడుతుంది. జోన్స్ విషయంలో జరిగింది అదే. 2018 ఆగస్టులో 8, సెప్టెంబర్‌లో 19, డిసెంబర్‌లో 60. మధ్యలో క్లీన్‌లు. పాత డబ్బా ఎప్పుడో చెత్తబుట్టలోకి పోయాక, అందులో ఏముందో ఎవడు నిరూపిస్తాడు?

ఎం3ని కనిపెట్టడమే ఈమధ్య సంగతి. దాని మీద మాస్కో ల్యాబ్ వాళ్ళ పేపర్ 2012లో వచ్చింది. ఆ తర్వాతే బీజింగ్, లండన్ ఒలింపిక్స్ పాత శాంపిళ్ళు తిరిగి పరీక్షిస్తే వరసగా పతకాలు ఊడాయి. మెషీన్ల చూపు పెరిగింది, రూల్ మాత్రం పాతదే. ఏ కొంచెం కనబడినా పాజిటివ్ అంటే, రేపు ఇంకా మంచి మెషీన్ వస్తే మీ ఇంటి కుళాయి నీళ్ళు కూడా ఫెయిలే.

కుస్తీపట్టు:
బీజింగ్, లండన్ శాంపిళ్ళలో దొరికినవాళ్ళు నిజంగా వాడినవాళ్ళే అంటారా? అక్కడ దొరికిందీ ఇదే రకం ఆనవాలు కదా. వాళ్ళ దగ్గర ఎం3 సాక్ష్యం, జోన్స్ దగ్గరికొచ్చేసరికి కుళాయి నీళ్ళా?

పీక్_నంబర్_7:
మోతాదు తేడా ఉంటుంది సార్. పరిమాణం చూడకుండా మాట్లాడితే ఎలా.

ఆదివారం_పొద్దున్నే:
థ్రెడ్ పెట్టింది నేను, కాస్త నన్నూ మాట్లాడనివ్వండి.

మీరిద్దరూ జోన్స్ ఒంట్లో ఏముందో తవ్వుతున్నారు. కోర్మియర్ తలలో ఏం జరిగిందో ఒక్కరూ అడగట్లేదు. ఆ ఫైట్ లైవ్‌లో చూసినవాళ్ళకి గుర్తుంటుంది. నాకౌట్ అయ్యాక అతను ఎటు నడుస్తున్నాడో అతనికే తెలియట్లేదు. ఏమైందని చుట్టూ ఉన్నవాళ్ళని అడుగుతున్నాడు. ఆ స్థితిలో ఉన్న మనిషి దగ్గరికి మైక్ పట్టుకెళ్ళారు. కళ్ళు తుడుచుకుంటూ ఏవో రెండు మాటలన్నాడు. అలా చేసినందుకు కామెంటేటర్ జో రోగన్ తర్వాత సారీ కూడా చెప్పాడు.

ఆరు వారాలు దాటాక 'నో కాంటెస్ట్' అన్నారు. సరే, బెల్టు వెనక్కొచ్చింది. దెబ్బ వెనక్కి పోయిందా?

పరుగు పందెంలో ఒకడు మోసం చేస్తే రెండోవాడికి పతకం ఆలస్యంగా అందుతుంది. ఆ బాధ చిన్నదని కాదు, కానీ అక్కడెవడూ ఎదుటివాడి తల మీద తన్నడు. ఇక్కడ ఆట అంటేనే అది. అందుకే జోన్స్ కావాలని వాడాడా, పొరపాటున వెళ్ళిందా అన్నది నాకు రెండో ప్రశ్న. అసలా రాత్రి అతన్ని కేజ్‌లోకి వెళ్ళనివ్వాల్సిందా కాదా, అదీ మొదటి ప్రశ్న.

మార్క్ హంట్‌ని తీసుకోండి. అతనూ యూఎఫ్‌సీ ఫైటరే, అతని ముగ్గురు ప్రత్యర్థులు డోపింగ్ పరీక్షలో ఫెయిలయ్యారు. 2013లో ఆంటోనియో సిల్వా, 2016 మార్చిలో ఫ్రాంక్ మిర్, ఆ జులైలోనే యూఎఫ్‌సీ 200లో బ్రాక్ లెస్నర్. లెస్నర్ నుంచి జూన్ 28న తీసిన శాంపిల్ ఫలితం ఫైట్ అయిపోయాక వచ్చింది! రిటైరై తిరిగొచ్చేవాడు నాలుగు నెలలు టెస్టింగ్‌లో ఉండాలన్న రూల్‌కి కూడా అతనికి మినహాయింపు ఇచ్చారు. ఫైట్‌కి ఇచ్చిన 25 లక్షల డాలర్ల పర్సులో రెండున్నర లక్షలు జరిమానా వేశారు. అందులో హంట్‌కి పైసా రాలేదు. కింద పడి గుద్దించుకున్నది అతను, జరిమానా ప్రభుత్వానికి. కోర్టుకెళ్ళాడు, ఏళ్ళు తిరిగాడు, చివరికి 2023లో కంపెనీ వైపే తీర్పొచ్చింది.

నల్లగొండ_నాగు:
హంట్ పాపం నిజంగా. కానీ టాపిక్ జోన్స్ కదా అన్నా.

కుస్తీపట్టు:
మిర్ పేరు మంచి టైమ్‌కి ఎత్తారు అన్నా.

ఫ్రాంక్ మిర్‌కి దొరికింది కూడా టురినాబోల్ మెటబొలైటే. ఎలా వచ్చిందో అతనూ చెప్పలేకపోయాడు. రెండేళ్ళు వేశారు. మాజీ హెవీవెయిట్ ఛాంపియన్, అప్పటికే వయసు మీద పడినవాడు. ఆ రెండేళ్ళతో అతని యూఎఫ్‌సీ కథ ముగిసింది. ఇంకో ఫైటర్ టామ్ లాలర్‌ది ఇంకా ఘోరం. కండ పెంచే ఓస్టారిన్ అనే మందు దొరికింది, ఎక్కణ్ణుంచో చూపించలేకపోయాడు, రెండేళ్ళు పూర్తిగా మోశాడు. శిక్ష ముగిసే టైమ్‌కి కంపెనీ కాంట్రాక్టు తీసేసింది. మొదటి తప్పే అది!

జోన్స్‌కి రెండో తప్పు కాబట్టి నాలుగేళ్ళ దాకా పడొచ్చు. అందులో 30 నెలలు యుసాడా (అమెరికా డోపింగ్ నిరోధక సంస్థ) ముందే తగ్గించేసింది. ఎందుకు? 'గణనీయమైన సహకారం' అందించాడట. అంటే ఎవరి గురించో ఏదో చెప్పాడు. ఏం చెప్పాడు, ఎవరి గురించి చెప్పాడు, బయటివాళ్ళకి తెలియదు. మిగిలిన 18లో మెక్‌లారెన్ ఇంకో మూడు తగ్గించాడు. లాలర్‌కి చెప్పడానికి ఎవరి పేరూ లేదు, అందుకే రెండేళ్ళు.

పికోగ్రాములు అందరికీ ఒకటే పీక్ గారూ. వకీళ్ళే ఒకటి కాదు.

పీక్_నంబర్_7:
అయితే లాలర్‌కి అన్యాయం జరిగిందనండి, నేనూ అంటా. లాలర్‌కి జరిగింది కాబట్టి జోన్స్‌కీ జరగాలనడం ఏం న్యాయం?

నా సంగతి ఒకటి చెప్తా. ఇంతకుముందు చేసిన కంపెనీలో ఒక బ్యాచ్‌లో నాకు తెలియని పీక్ ఒకటి, అంటే గ్రాఫ్‌లో లేచిన గీత ఒకటి వచ్చింది. చాలా చిన్నది, బేస్‌లైన్ నుంచి లేచీ లేవనట్టు. దాచొచ్చు, దాచలేదు. రిపోర్ట్ చేశాను. ఇన్వెస్టిగేషన్ వేసి చివరికి 'అనలిస్ట్ పొరపాటు' అని రాసేశారు. మెమో ఇచ్చారు, ఆ ఏడాది ఇంక్రిమెంట్ పోయింది. నేను మానేశాక తెలిసింది, మందు కలిపే బ్లెండర్ గాస్కెట్‌లో (మూత దగ్గర రబ్బరు రింగులో) అంతకుముందు ప్రొడక్ట్ అంటుకుని ఉందని. కడిగినట్టు సంతకాలు అన్నీ ఉన్నాయి. గాస్కెట్ విప్పి చూసినవాడు లేడు.

మందుల కంపెనీల్లోనే ఇలా ఉంటే, ఏ నియంత్రణా లేకుండా అమ్మే ఆ ప్రోటీన్ డబ్బాలు కలిపే చోట ఎలా ఉంటుందో ఊహించుకోండి. ఫైటర్ యోయెల్ రొమేరో కేసు మరిచిపోయారా? డబ్బాలోనే ఉందని తేలింది, ఆరు నెలలతో బయటపడ్డాడు, ఆ సప్లిమెంట్ కంపెనీ మీద వేసిన దావాలో 2019లో న్యూజెర్సీ జడ్జి 2 కోట్ల 74 లక్షల డాలర్లు ఇమ్మన్నాడు.

కుస్తీపట్టు:
మీ ఇంక్రిమెంటుకీ జోన్స్ బెల్టుకీ ఏం సంబంధమండీ? ప్రతి థ్రెడ్‌లో ఆ గాస్కెట్ కథే.

పీక్_నంబర్_7:
సంబంధం ఉంది. చేయని తప్పుకి మీ మీద ఎవరూ రాయలేదు కాబట్టి మీకు తెలియదు.

కుస్తీపట్టు:
నాకు తెలియదా?

నేను ఇది ఇక్కడ రాయకూడదనుకున్నా. మా తమ్ముడు జూనియర్స్‌లో పాలమూరు వైపు మంచి పేరున్న పహిల్వాన్. పెద్ద టోర్నీకి ముందు, అందరూ తాగేదే అని ఒక షాపులో పౌడర్ డబ్బా కొన్నాడు. లేబుల్ మీద ఏమీ లేదు. పాజిటివ్ వచ్చింది. బీ శాంపిల్ (మళ్ళీ పరీక్షించడానికి పక్కన పెట్టిన రెండో సీసా) తెరిపించుకుంటావా, ఫీజు నువ్వే కట్టాలి అన్నారు. మా నాయన దగ్గర అప్పుడు మోటారు రిపేరుకే డబ్బుల్లేవు. తెరిపించలేదు. సంతకం పెట్టి వచ్చేశాడు. ఇప్పుడు ట్రాక్టర్ నడుపుతున్నాడు. చెవులు మాత్రం ఇంకా ముడుచుకుపోయి పహిల్వాన్ చెవుల్లాగే ఉన్నాయి, పెళ్ళిళ్ళలో ఎవరైనా అడుగుతారని తువ్వాలు చుట్టుకుంటాడు.

వాడికి ఐక్నర్ రాలేదు. ఈవెంట్‌ని ఊరు మార్చినవాడు లేడు. పికోగ్రాములెన్నో చెప్పినవాడు కూడా లేడు. వాడు మింగిన రూల్‌నే జోన్స్ కూడా మింగాలి. అంతే.

పీక్_నంబర్_7:
అదీ సంగతి. మీ తమ్ముడు మునిగాడు కాబట్టి అందర్నీ ముంచాలి. ఇదా మీ న్యాయం?

కుస్తీపట్టు:
ఏయ్, నోరు జాగ్రత్త. నువ్వు ఏసీ గదిలో కూర్చుని గ్రాఫులు చూసుకో. మా తమ్ముడి ఊసెత్తకు.

పీక్_నంబర్_7:
ఎత్తింది నువ్వే కదయ్యా. కథ నీది, ఏడుపు నీది, నేను అడిగితే తప్పా?

నిర్వాహకుడు:
ఇద్దరికీ ఇదే చివరిసారి. ఇళ్ళలోవాళ్ళని లాగొద్దు. ఇంకో మాట వస్తే థ్రెడ్ మూసేస్తా.

వనజ_ఫిజియో:
ఎప్పుడూ చదివి వెళ్ళిపోతాను, ఈసారి ఒక డౌట్ అడుగుతా పీక్ గారూ. మీరు మూడు వారాల్లో మాత్రలు మింగలేదనే నిరూపించారు. దాన్ని ఒప్పుకుంటా. కానీ ఆ కొద్దిపాటి ఎం3 రెండు విధాలుగా రావచ్చు కదా. ఒకటి, ఏదో డబ్బాలోంచి తెలియకుండా చిటికెడు వెళ్ళింది. రెండు, ఎప్పుడో గట్టిగా వాడి ఆపేస్తే మిగిలిన తోక. శాంపిల్ చూసి ఈ రెండింటిలో ఏదో చెప్పగలరా?

పీక్_నంబర్_7:
మంచి ప్రశ్న మేడమ్. చెప్పలేరు. 60 అనే అంకె ఎప్పుడు వెళ్ళిందో చెప్పదు, ఎంత వెళ్ళిందో చెప్పదు. చెప్పలేం కాబట్టే శిక్ష వేయొద్దంటున్నాను. అనుమానం మీద ఒకడి బతుకు తీయకూడదు.

కుస్తీపట్టు:
చెప్పలేం కాబట్టే వదలొద్దంటున్నాను. తెలియకుండా వెళ్ళిందనే మాటని అందరూ అంటారు. నమ్మడం మొదలుపెడితే ఎవరి మాట నమ్ముతారు? గట్టి వకీలు ఉన్నవాడిది. టికెట్లు అమ్మించేవాడిది. రూల్ గుడ్డిగా ఉంటేనే మావాళ్ళకి కనీసం సమానంగా దెబ్బ పడుతుంది.

మన పహిల్వాన్ నర్సింగ్ యాదవ్ కేసు చూడు. 2016 రియోకి ముందు మెథాన్‌డియనోన్ అనే స్టెరాయిడ్ దొరికింది, తిండిలో ఎవరో కలిపారన్నాడు. మన దేశ డోపింగ్ నిరోధక సంస్థ నాడా నమ్మి వదిలేసింది. ప్రపంచ సంస్థ వాడా అప్పీలుకెళ్ళింది, రియోలోనే కాస్ అనే క్రీడా కోర్టు నాలుగేళ్ళు వేసింది. అక్కడ కూడా మీలాంటి ఎక్స్‌పర్టే వచ్చి, మోతాదు చూస్తే ఒకసారి ఎవరో చల్లినట్టు లేదు, మాత్రల రూపంలో వెళ్ళినట్టుంది అని చెప్పారు. ఒకచోట అంకె ముంచింది, ఒకచోట అంకె తేల్చింది. నువ్వేమో అంకె అబద్ధం చెప్పదంటావు.

పీక్_నంబర్_7:
అంకె అబద్ధం చెప్పలేదు! నర్సింగ్ కేసులో ఎక్కువుంది కాబట్టి ఎక్కువుందన్నారు. జోన్స్‌కి తక్కువుంది కాబట్టి తక్కువన్నారు. నా వాదనకి నువ్వే సాక్ష్యం ఇస్తున్నావ్.

నల్లగొండ_నాగు:
😂 పీక్ అన్న వదలడు.

ఆదివారం_పొద్దున్నే:
వనజ గారి ప్రశ్నతో అసలు ముడి దొరికింది. ఒకరు శిక్ష వద్దంటారు, ఒకరు శిక్ష కావాలంటారు. ఇద్దరికీ కళ్ళ ముందున్నది పరీక్షలో దొరికినవాడే. ఒకరికి తానే కనబడుతున్నాడు, ఒకరికి తమ్ముడు. నేను అడిగేది గుస్టాఫ్సన్ గురించి.

2018 డిసెంబర్ 29న, వేణు చెప్పిన ఆ యూఎఫ్‌సీ 232లో జోన్స్ ఎదురుగా నిలబడింది అలెగ్జాండర్ గుస్టాఫ్సన్. వేగాస్ ఉన్న నెవాడా రాష్ట్ర కమిషన్ ఏమంది? ఇది తేల్చాలంటే హియరింగ్ పెట్టాలి, ఇంత తక్కువ టైమ్‌లో కుదరదు, లైసెన్స్ ఇవ్వలేం అంది. అప్పుడు ఏం చేయాలి? ఫైట్ వాయిదా వేయాలి. వీళ్ళు ఈవెంట్‌నే రాష్ట్రం దాటించారు. కాలిఫోర్నియా అంతకుముందే ఇతని కేసు చూసింది కాబట్టి లైసెన్స్ ఇచ్చింది. మూడో రౌండ్లో ఫైట్ అయిపోయింది. యూఎఫ్‌సీ తరఫున జెఫ్ నోవిట్జ్‌కీ వచ్చి ఉప్పు రేణువుని ఐదు కోట్ల ముక్కలు చేస్తే ఒక ముక్క పికోగ్రాము అని వివరించాడు. జనం నవ్వుకుని సరేలే అన్నారు. అదే నెవాడా నెల తర్వాత హియరింగ్ పెట్టి లైసెన్స్ ఇచ్చింది కూడా. అంటే ఒక్క నెల ఆగితే అన్నీ సక్రమంగా అయ్యేవి. డబ్బు కట్టి టీవీలో చూసే పే-పర్-వ్యూ తేదీ ఆగదు కదా.

శిక్ష సంగతి మీరూ మీరూ తేల్చుకోండి. తేలేదాకా ఇంకో మనిషి తలని పందెం పెట్టొద్దు అంటున్నా.

పీక్_నంబర్_7:
60 పికోగ్రాములతో గుస్టాఫ్సన్‌కి ప్రమాదం ఒక్క శాతం కూడా పెరగలేదు. పందెం ఎక్కడుంది?

ఆదివారం_పొద్దున్నే:
పాత తోక అయితే? గట్టిగా వాడిన రోజుల్లో కట్టిన కండ అక్కడే ఉందిగా. చెప్పలేం అన్నది మీరే.

పీక్_నంబర్_7:
అలా అయితే ఒకసారి వాడినవాడిని జన్మలో ఆడనివ్వకూడదు. ఛాంపియన్ టీజే డిల్లషా ఈపీఓతో (ఎర్ర రక్తకణాలు పెంచే మందు) దొరికి, ఒప్పుకుని, బెల్టు వదిలేసి, రెండేళ్ళు మోసి తిరిగొచ్చాడు. అతన్నీ ఆపుతారా?

కుస్తీపట్టు:
డిల్లషా ఒప్పుకున్నాడు. అదీ తేడా.

వనజ_ఫిజియో:
2019 నవంబర్‌లో రూల్ మార్చారు కదా. ఎం3కి మిల్లీలీటరుకి 100 పికోగ్రాముల లోపు ఉంటే, వేరే ఆధారం లేకపోతే, ఉల్లంఘన కాదని. సప్లిమెంట్లకి కూడా సర్టిఫైడ్ లిస్టు పెట్టారు.

పీక్_నంబర్_7:
అదే నేను మొదటి నుంచీ మొత్తుకుంటున్నది. సైన్స్ చివరికి గెలిచింది.

కుస్తీపట్టు:
జోన్స్ రింగులోకి తిరిగొచ్చిన ఏడాదికి వచ్చింది ఆ సైన్స్. మిర్, లాలర్ కూర్చున్న ఏళ్ళు వెనక్కిస్తారా? ఇప్పుడైతే యుసాడాయే లేదు. 2023 చివర్లో కాంట్రాక్టు అయిపోయింది, కంపెనీ కొత్త ఏర్పాటు చేసుకుంది. టెస్టు చేయించేదీ కంపెనీయే, టికెట్లు అమ్మేదీ కంపెనీయే.

డల్లాస్_వేణు:
టెస్టులు ఎవరు చేసినా పర్లేదు, ఊరు మాత్రం మార్చొద్దు 🙏

ఆదివారం_పొద్దున్నే:
సరే, పనికొచ్చే మాట ఒకటి. పీక్ గారూ, జులై 28 శాంపిల్ ఫలితం ఆగస్టు 22కి గానీ ఎందుకు రాలేదు? ఫైట్ గంట మోగేలోపే రిజల్ట్ ఇవ్వడం సాధ్యం కాదా?

పీక్_నంబర్_7:
ఒక్క రాత్రిలోనా? శాంపిల్ ల్యాబ్‌కి చేరాలి. మొదట స్క్రీనింగ్, అనుమానం వస్తే అదే శాంపిల్‌లో ఇంకో భాగం తీసి కన్ఫర్మేషన్, డేటా ఇంకొకరు రివ్యూ చేయాలి. ఎంత తోసినా రోజులు పడుతుంది. తొందరపెడితే తప్పుడు పాజిటివ్‌లు వస్తాయి, అప్పుడు మళ్ళీ మీరే తిడతారు. పది రోజుల ముందు ఒక శాంపిల్ తీసి, ఆ రిజల్ట్ లేకుండా కేజ్‌లోకి పంపకూడదని పెట్టొచ్చు.

కుస్తీపట్టు:
పది రోజుల ముందు అని అందరికీ తెలిస్తే ఆ శాంపిల్ ఇచ్చిన మర్నాటి నుంచి వాడతారు.

ఆదివారం_పొద్దున్నే:
రెండూ తీయాలి. పది రోజుల ముందుది వచ్చాకే ఫైట్. ఫైట్ రోజుది వచ్చేదాకా ఇద్దరి పర్సూ ఆపాలి. ఒకడు ఫెయిలైతే అతని పర్సులో సగం ఎదుటివాడికి. కోర్మియర్‌కీ హంట్‌కీ అదైనా దక్కేది.

పీక్_నంబర్_7:
ఇద్దరి పర్సూ నెల రోజులు ఆపితే జోన్స్‌కి ఏమవుతుంది? ఏమీ కాదు. అండర్‌కార్డ్‌లో, అంటే ముందు జరిగే చిన్న ఫైట్లలో ఆడేవాడు కోచ్‌కీ జిమ్‌కీ అప్పు పెట్టి వస్తాడు. వాడేం తింటాడు ఆ నెల?

కుస్తీపట్టు:
ఓహో. ఇప్పుడు గుర్తొచ్చారా నీకు చిన్నోళ్ళు.

పీక్_నంబర్_7:
నాకెప్పుడూ గుర్తే. లాలర్‌కి అన్యాయం జరిగిందని మొదట అన్నది నేనే, పైకెళ్ళి చదువుకో. నువ్వు మాత్రం చెత్తబుట్టలోకి పోయిన పాత డబ్బాలో ఏముందో ఎవడు నిరూపిస్తాడో ఇంకా చెప్పలేదు.